భద్రపరచిన చార్టు అమరికలు

భద్రపరచిన చార్టు అమరికలు అనగా దత్తాంశ విశ్లేషణ సాఫ్టువేరులో ఒకసారి తయారు చేసిన చార్టును మళ్ళీ మళ్ళీ గీయడానికి కావలసిన సూచనల సముదాయం. సాఫ్టువేరు చార్టును బొమ్మగా దాచదు. ఏ పట్టిక నుండి దత్తాంశాలు తీసుకోవాలి, వాటిని ఎలా కూడాలి, ఏ కాలానికి పరిమితం చేయాలి, ఏ అక్షంపై ఏది చూపాలి అనే వివరాలను మాత్రమే దాచుకొని, పాఠకుడు తెరచిన ప్రతిసారి కొత్తగా లెక్కించి గీస్తుంది. కృత్రిమ మేధ ఏజెంట్లు కూడా ఈ సాఫ్టువేరులను వాడడం మొదలైన తరువాత, అవి ఈ అమరికలను వెదకి, చదివి, సరిగా అర్థం చేసుకోవడం ఒక ప్రత్యేక సమస్యగా ముందుకు వచ్చింది. ఈ వ్యాసంలో ఆ సమస్యను గోదావరి డెల్టాకు చెందిన ఉదాహరణలతో వివరించడం జరిగినది.

అమరికలలో ఏముంటుంది

పదవ తరగతి గణితంలో గ్రాఫు కాగితం పైమూలన స్కేలు రాయని విద్యార్థికి మార్కు తగ్గించడం మన పాఠశాలల్లో ఆనవాయితీ. గీత ఎంత చక్కగా ఉన్నా ఒక సెంటీమీటరు దేనికి సమానమో చెప్పకపోతే ఆ గీతకు అర్థం లేదు. భద్రపరచిన అమరికలు ఆ పైమూల రాత వంటివే, కాకపోతే చాలా విస్తృతమైనవి.

సాధారణంగా వీటిలో దత్తాంశాల మూలం, కొలిచే రాశి, దానిని సమీకరించే పద్ధతి (మొత్తం, సగటు, గరిష్ఠం, లెక్కింపు), వడపోతలు, కాలవ్యవధి, కాలపు మెట్టు (గంట, రోజు, నెల), కాలమండలం, అక్షాల కొలమానం, అంకెలను చూపే రూపం, రంగులు, హెచ్చరిక గీతలు ఉంటాయి. చార్టు పేరు, వివరణ, తయారు చేసినవారు, చివరిగా మార్చిన తేదీ వంటివి వీటికి తోడుగా ఉంటాయి. రంగు తప్పితే చార్టు అందం మాత్రమే చెడుతుంది. సమీకరణ పద్ధతి తప్పితే జవాబే మారిపోతుంది. తెరపై చూసేవారికి ఈ రెండింటి తేడా వెంటనే కనబడదు.

ఈ వివరాలు చాలావరకు జేసన్ అనే పాఠ్య రూపంలో నిలువ చేయబడతాయి. ఇది మనిషి చదవగలిగినదే గాని, ఒక పెద్ద డాష్‌బోర్డుకు సంబంధించిన జేసన్ వేల పంక్తులు ఉండవచ్చు.

వివిధ సాఫ్టువేరులలో

అపాచీ సూపర్‌సెట్‌ను 2015లో ఎయిర్‌బిఎన్‌బి సంస్థలో మాక్సిమ్ బోషమాఁ ప్రారంభించాడు. మొదట పానొరమిక్స్ అని, తరువాత కారవెల్ అని పిలువబడిన ఈ సాఫ్టువేరు 2017లో అపాచీ ఫౌండేషన్ ఇంక్యుబేటరులో చేరి, 2021 జనవరిలో ఆ ఫౌండేషన్ ఉన్నత స్థాయి ప్రాజెక్టుగా ప్రకటించబడింది. ఇందులో చార్టుకు పాతపేరు స్లైస్, అంటే ముక్క. లోపలి పట్టికలలో నేటికీ ఆ పేరే కనబడుతుంది. సూపర్‌సెట్ ప్రతి చార్టుకు రెండు రకాల వివరాలు దాస్తుంది. మొదటిది "పారామ్స్", అనగా చార్టు తయారీ తెరపై మనిషి ఎంచుకున్న ఎంపికలు. రెండవది "క్వెరీ కాంటెక్స్ట్", అనగా ఆ ఎంపికల నుండి తయారైన అసలు ప్రశ్న. పాతకాలంలో భద్రపరచి, తరువాత ఎవరూ తెరచి మళ్ళీ భద్రపరచని చార్టులకు ఈ రెండవ భాగం ఖాళీగా ఉండవచ్చు. ఏజెంటు రెండవ భాగం మీదనే ఆధారపడితే, అటువంటి చార్టు అసలే లేదని పొరబడే అవకాశం ఉంది.

2015లో బహిరంగ మూలంగా విడుదలైన మెటాబేస్‌లో చార్టును "ప్రశ్న" అంటారు. ఇది ఒక విధంగా మంచి పేరు. చార్టు అంటే సమాధానం కాదు, అడిగి ఉంచిన ప్రశ్న అన్న సంగతి ఆ పేరులోనే ఉన్నది. అయితే మెటాబేస్ సొంత ప్రశ్న భాషలో నిలువ వరుసలను చాలాకాలం పేర్లతో కాక సంఖ్యలతో సూచించేవారు. "క్షేత్రం 214 గరిష్ఠం" అని చదివిన ఏజెంటుకు 214 అంటే నీటిమట్టమో, వర్షపాతమో తెలియాలంటే వేరొక జాబితాను కూడా చూడవలసి ఉంటుంది.

గ్రఫానాను స్వీడన్ దేశస్థుడు టోర్కెల్ ఓడెగార్డ్ 2014లో విడుదల చేశాడు. కాలక్రమంలో మారే కొలతలను చూపడంలో ఇది ప్రసిద్ధి పొందింది. ఇక్కడ చార్టులు డాష్‌బోర్డు లోపల పలకలుగా ఉంటాయి, డాష్‌బోర్డు మొత్తానికి ఒకే జేసన్ ఉంటుంది. ప్రశ్నలో నేరుగా స్థలం పేరు ఉండక చలరాశి ఉండవచ్చు. చలరాశికి ఆ క్షణంలో ఏ విలువ ఎంచుకున్నారో తెలియకుండా కేవలం పలకను చదివితే సగం సంగతి మాత్రమే తెలుస్తుంది. టాబ్లో వంటి వాణిజ్య సాఫ్టువేరులలో నిలువ రూపం వేరైనా సమస్య ఇదే.

ఏజెంటు ఎలా వెదకుతుంది

భాషా నమూనాపై పనిచేసే ఏజెంటుకు తనంతట తాను సాఫ్టువేరు లోపలికి చూసే శక్తి లేదు. దానికి కొన్ని పనిముట్లు అప్పగిస్తారు. ఒక్కొక్క పనిముట్టుకు ఒక పేరు, వివరణ, ఇవ్వవలసిన వివరాల జాబితా ఉంటాయి. ఏజెంటు వాటిని చదివి, ఏది ఎప్పుడు వాడాలో నిర్ణయించుకుంటుంది. ఇటువంటి పనిముట్లను ఒకే తీరున అందించడానికి ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరు 25న మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే ఒడంబడికను ప్రకటించింది. దీనిలో సందేశాలు జేసన్-ఆర్‌పీసీ 2.0 రూపంలో సాగుతాయి. 2025 డిసెంబరులో దీనిని లినక్స్ ఫౌండేషన్ ఆధ్వర్యంలోని ఏజెంటిక్ ఏఐ ఫౌండేషన్‌కు అప్పగించారు.

చార్టుల విషయంలో కనీసం మూడు పనిముట్లు అవసరం: చార్టుల జాబితాలో వెదకడం, ఒక చార్టు అమరికలను తెచ్చుకోవడం, ఆ అమరికలతో లెక్క నడిపి అంకెలు తెచ్చుకోవడం. రెండవదానిని విడిచిపెట్టి మొదటి, మూడవ వాటినే ఇచ్చిన చోట తప్పులు ఎక్కువ. అంకెలు వస్తాయి గాని, అవి ఏమి అంకెలో ఏజెంటుకు తెలియదు. తెలియదని ఒప్పుకోవడానికి బదులు అది సాధారణంగా ఊహించి పూరిస్తుంది. రెండవ పనిముట్టు ఉన్నా మొత్తం జేసన్‌ను యథాతథంగా ఇస్తే మరొక చిక్కు. ఏజెంటు ఒకసారికి చదవగలిగిన పాఠ్యానికి పరిమితి ఉంది. రంగులు, అంచులు, అక్షరాల పరిమాణం వంటి వాటితో ఆ పరిమితి నిండిపోతే అవసరమైన వడపోత ఎక్కడో మరుగున పడుతుంది. అందుచేత జవాబును మార్చగల అమరికలను ముందు ఇచ్చి, అలంకారాలను అడిగినప్పుడే ఇవ్వడం మేలు.

చార్టును గుర్తించడానికి పేరు కన్నా గుర్తింపు సంఖ్య నమ్మదగినది. ఒకే పేరుతో రెండు మూడు చార్టులు, వాటికి "నకలు", "కొత్తది", "ఇదే ఫైనల్" అనే తోకలు ఏ కార్యాలయంలోనైనా కనబడేవే. వెదుకులాటలో ఒకటి కన్నా ఎక్కువ దొరికినప్పుడు మొదటిదాన్ని తీసుకోకుండా చివరి మార్పు తేదీ, తయారు చేసినవారి పేరు చూపి అడిగినవారినే ఎంచుకోమనడం ఏజెంటుకు ఉండవలసిన మర్యాద.

తెరపై ఉన్నది, భద్రపరచినది ఒకటే కానక్కరలేదు. ఒక ఉద్యోగి చార్టు తెరచి కాలవ్యవధిని ఏడు రోజుల నుండి ముప్పై రోజులకు మార్చి, భద్రపరచకుండా "ఈ చార్టులో ఇది ఎందుకు పెరిగింది?" అని అడగవచ్చు. ఏజెంటు సంఖ్య ఆధారంగా తెచ్చేది పాత ఏడు రోజుల అమరిక. ఇద్దరూ వేరువేరు చార్టుల గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. సూపర్‌సెట్‌లో ఇటువంటి తాత్కాలిక మార్పులకు చిరునామాలో వేరే తాళపుగుర్తు చేరుతుంది. ఏజెంటు ఆ గుర్తును కూడా చదివినప్పుడే ఉద్యోగి చూస్తున్న చార్టు దానికి దొరుకుతుంది.

ధవళేశ్వరం నీటిమట్టం: ఒక ఉదాహరణ

గోదావరి డెల్టాకు నీరందించే ఆనకట్టను సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో ప్రారంభించి 1852లో పూర్తి చేశారు. దాని స్థానంలో తరువాతి కాలంలో నిర్మించిన బ్యారేజీ ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు భాగాలుగా ఉన్నది. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది జారీ చేస్తారు. ఎగువన భద్రాచలం వద్ద ఇవి వరుసగా 43, 48, 53 అడుగులు. భద్రాచలంలో 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు నమోదయ్యాయి. కోనసీమ లంక గ్రామాల వారికి ఈ సంఖ్యలు పంచాంగం వలె కంఠస్థం. పశువులను ఎప్పుడు గట్టెక్కించాలి, పడవ ఎప్పుడు కట్టాలి అనేది వీటినిబట్టే నిర్ణయించుకుంటారు.

ఇప్పుడు ఒక విశ్లేషణ సాఫ్టువేరులో "ధవళేశ్వరం నీటిమట్టం" అనే చార్టు భద్రపరచి ఉన్నదని, ఒక అధికారి ఏజెంటును "నిన్న రెండవ హెచ్చరిక దాటిందా?" అని అడిగాడని అనుకుందాం.

రెండవ హెచ్చరిక ఎంత అన్నది నీటిమట్టాల పట్టికలో ఉండదు. పట్టికలో సమయం, మట్టం మాత్రమే ఉంటాయి. 13.75 వద్ద అడ్డంగా గీసిన ఎర్రగీత చార్టు అమరికలలో మాత్రమే ఉన్నది. సూపర్‌సెట్‌లో దీనిని వ్యాఖ్యాన పొరగా, గ్రఫానాలో పరిమితి విలువగా దాస్తారు. అమరికలు చూడని ఏజెంటుకు ఆ గీత ఉన్నదన్న సంగతే తెలియదు. ఎక్కడో చదివిన భద్రాచలం 48 అడుగులను తెచ్చి పోలిస్తే ధవళేశ్వరం ఎన్నటికీ మునగదు.

సమీకరణ పద్ధతి కూడా చూడాలి. గంటగంటకు తీసిన కొలతల్లో రోజంతటి సగటు 13.40 అడుగులు, తెల్లవారుజామున రెండు గంటల పాటు గరిష్ఠం 13.90 అడుగులు ఉన్నదనుకొందాం. సగటు ప్రకారం హెచ్చరిక దాటలేదు, గరిష్ఠం ప్రకారం దాటింది. వరద విషయంలో సగటుకు విలువ లేదు. గట్టు తెగడానికి ఆ రెండు గంటలే చాలు. చార్టు తయారు చేసిన ఇంజనీరు ఆలోచించి "గరిష్ఠం" అని భద్రపరచి ఉంటే, ఆ ఆలోచన అమరికలోనే ఉన్నది. ఏజెంటు తన లెక్క తాను వేసుకొని సగటు తీస్తే ఆ ఆలోచన వృథా అవుతుంది.

కాలమండలం విషయం మరింత సూక్ష్మమైనది. అనేక సర్వర్లు సమయాన్ని యూటీసీలో దాస్తాయి. భారత ప్రామాణిక సమయం దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు. యూటీసీ లెక్కలో రోజు మన ఉదయం 5:30కు మొదలవుతుంది. కాబట్టి పదిహేడవ తేదీ తెల్లవారుజామున 3 గంటలకు వచ్చిన వరద పోటు, కాలమండలం అమరిక తప్పితే పదహారవ తేదీ ఖాతాలో పడుతుంది. "నిన్న" అన్న మాటకు అర్థమే మారిపోతుంది.

కొలమానం సంగతి కొంచెం వివరంగా చెప్పవలసి ఉన్నది, ఎందుకంటే ఇక్కడ గణితం సరిగా చేసినవాడే పప్పులో కాలు వేస్తాడు. కేంద్ర జలసంఘం లెక్కల్లో ధవళేశ్వరం వద్ద హెచ్చరిక మట్టం 14.25 మీటర్లు, ప్రమాద మట్టం 16.08 మీటర్లు. రాష్ట్రంలో వాడుకలో ఉన్న 11.75 అడుగులను మీటర్లలోకి మారిస్తే 3.58 మాత్రమే వస్తుంది. మరి 14.25 ఎక్కడిది? మీటర్ల లెక్క సముద్రమట్టం నుండి, అడుగుల లెక్క బ్యారేజీ వద్దనున్న కొలబద్ద సున్నా నుండి. ఆ సున్నా సముద్రమట్టానికి సుమారు 10.67 మీటర్ల ఎత్తున, అనగా 35 అడుగుల వద్ద ఉన్నది. 3.58కి 10.67 కలిపితే 14.25 వస్తుంది. 17.75 అడుగులు 5.41 మీటర్లు, దానికి 10.67 కలిపితే 16.08. ఈ విధంగా రెండు లెక్కలూ కలుస్తాయి. భద్రాచలంలోనూ ఇంతే, అక్కడ కలపవలసినది సుమారు 32.61 మీటర్లు. అడుగు అంటే 0.3048 మీటరు అని తెలిసిన ఏజెంటు ఈ తేడా తెలియక 14.25 మీటర్లను 46.75 అడుగులుగా మార్చి, కనీవినీ ఎరుగని వరద వచ్చిందని గోల పెట్టవచ్చు. చార్టు వివరణలో "కొలబద్ద సున్నా నుండి అడుగులలో" అన్న నాలుగు మాటలు ఉంటే ఈ ప్రమాదం తప్పుతుంది. వివరణ గడిని ఖాళీగా వదిలివేసే అలవాటు ఎంత చెడ్డదో ఈ ఒక్క ఉదాహరణ చాలు.

ప్రవాహాన్ని చూపే చార్టులలో అంకెల రూపం తికమక పెడుతుంది. మనం 12 లక్షల క్యూసెక్కులు అనేదాన్ని సాఫ్టువేరు సంక్షిప్త రూపంలో 1.2 మిలియన్ అని చూపుతుంది. వాడుకదారుకు లక్షలలో చెప్పాలంటే ఏజెంటు తెరపై కనబడే సంక్షిప్తాన్ని కాక అసలు సంఖ్యను తీసుకోవాలి. ఘనపు మీటర్లలో ఉంటే ఒక క్యూమెక్కు 35.31 క్యూసెక్కులకు సమానం. ఇక్కడ మాత్రం నేరుగా గుణిస్తే సరిపోతుంది.

జిల్లాలు మారినప్పుడు

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగి, పాత తూర్పు గోదావరి జిల్లా నుండి కాకినాడ, కోనసీమ జిల్లాలు విడిపోయాయి. రంపచోడవరం ప్రాంతం అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. పాత జిల్లా కేంద్రమైన కాకినాడ వేరే జిల్లాకు పోగా, తూర్పు గోదావరికి రాజమహేంద్రవరం కేంద్రమైంది. పశ్చిమ గోదావరి నుండి ఏలూరు జిల్లా ఏర్పడి, మిగిలినదానికి భీమవరం కేంద్రమైంది.

"జిల్లా = తూర్పు గోదావరి" అన్న వడపోతతో 2015 నుండి వరి విస్తీర్ణం చూపే చార్టును ఎవరైనా భద్రపరచి ఉంటే, 2022లో ఆ గీత నిట్టనిలువుగా పడిపోతుంది. కరువు లేదు, తుఫాను లేదు. పేరు అదే, నేల మాత్రం వేరు. అంకెలు మాత్రమే చూసే ఏజెంటు దీనికి రకరకాల కారణాలు కల్పించగలదు, అవి చదవడానికి నమ్మదగినవిగా కూడా ఉంటాయి. అమరికలు చూసినదానికి వడపోత జిల్లా పేరుపై ఉన్నదని తెలుస్తుంది. అక్కడి నుండి సరిహద్దుల మార్పు గుర్తుకు రావడం కష్టం కాదు. దీనికి ముందు 2014లో పోలవరం ముంపు మండలాలు తెలంగాణ నుండి ఉభయ గోదావరి జిల్లాలలో కలిసినప్పుడు కూడా ఇటువంటి మెట్టు ఒకటి వచ్చింది, కాకపోతే అది పైకి, చిన్నది. మండలాల వారీగా వడపోసిన చార్టు ఇటువంటి మార్పులకు చాలావరకు తట్టుకొని నిలుస్తుంది.

కోనసీమ జిల్లా పేరు ఏర్పడిన సంవత్సరంలోనే డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాగా మారింది. రాజమండ్రి 2015లో అధికారికంగా రాజమహేంద్రవరం అయింది. అచ్చుగా పేరు సరిపోలాలి అనే వడపోతలు ఇటువంటి మార్పుల వద్ద దోషమేమీ చూపక, ఖాళీ చార్టును చూపుతాయి. ఖాళీ అంటే సున్నా అని ఏజెంటు అర్థం చేసుకోరాదు.

తెలుగు పేర్లతో వెదకడం

తెలుగులో పేరు పెట్టిన చార్టులను వెదకడంలో కొన్ని ప్రత్యేకమైన చిక్కులున్నాయి. పొల్లు హల్లు తరువాతి అక్షరంతో కలవకుండా ఉండడానికి కంటికి కనబడని ఒక విడదీత గుర్తును వాడతాము. "డాష్‌బోర్డు" అన్న మాటలో అది ఉన్నది. ఒకరు ఆ గుర్తుతో, మరొకరు లేకుండా టైపు చేస్తే, యంత్రానికి అవి రెండు వేరు మాటలు. ఐత్వాన్ని యూనీకోడ్‌లో ఒకే సంకేతంగానూ, ఎత్వం, దాని కింది గుర్తు కలిపి రెండు సంకేతాలుగానూ రాయవచ్చు. "పైరు" అన్న చిన్న మాట కూడా రెండు రకాలుగా నిలువ కావచ్చు. పోల్చే ముందు రెండింటినీ ఒకే ప్రామాణిక రూపానికి తేవడం, కనబడని గుర్తులను తొలగించడం వెదుకులాట పనిముట్టు చేయవలసిన పని. దీనిని ఏజెంటుకు వదలరాదు.

అనూ వంటి పాత ఖతులతో తయారు చేసిన దస్త్రాల నుండి నకలు తీసి అతికించిన పేర్లు యూనీకోడ్ కానందున, ఆ ఖతి లేని చోట అర్థంలేని గుర్తులుగా కనబడతాయి. ఇవి ఏ వెదుకులాటకూ దొరకవు. ఆంగ్ల లిపిలో ధవళేశ్వరాన్ని కనీసం మూడు నాలుగు విధాలుగా రాస్తారు. అందువలన చార్టు వివరణలో తెలుగు పేరు, ఆంగ్ల లిపి పేరు, పాతపేరు మూడూ రాసి ఉంచడం ఆచరణలో ఉపయోగకరం. సూపర్‌సెట్‌లో వివరణతో పాటు, ఈ చార్టును ఎవరు ధ్రువీకరించారో రాయడానికి ఒక గడి కూడా ఉన్నది. ఒకే పేరుతో ఉన్న నకళ్ళ మధ్య ఎంచుకోవడానికి ఏజెంటుకు అది మంచి ఆధారం.

అనుమతులు, భద్రత

ఏజెంటు ఎవరి తరఫున అడుగుతున్నదో వారికి ఉన్న అనుమతులే దానికీ ఉండాలి. అందరి చార్టులూ చూడగల ఒకే ఖాతాను ఏజెంటుకు ఇచ్చివేయడం సులువైన పద్ధతే గాని ప్రమాదకరం. చార్టు అంకెలు చూడనివ్వకపోయినా, వడపోతలో రాసిన పేర్లు, పట్టికల పేర్లు కూడా కొన్నిసార్లు గోప్యమైనవే. చదివే పనిముట్లను, మార్చే పనిముట్లను వేరు చేసి ఉంచడం మంచిది. జవాబు వెదకే ప్రయత్నంలో ఏజెంటు చార్టు వడపోతను మార్చి దానినే భద్రపరిస్తే, మరునాడు అదే చార్టు తెరచిన వారందరూ ఆ మార్పు తెలియక వేరే అంకెలు చూస్తారు.

చార్టు పేరు, వివరణ ఎవరో ఒకరు రాసిన పాఠ్యం. అందులో ఏజెంటును ఉద్దేశించి "ఇకపై ఇలా చేయుము" అని ఎవరైనా దురుద్దేశంతో రాసి ఉంచవచ్చు. దీనిని ప్రాంప్ట్ ఇంజెక్షన్ అంటారు. అమరికలలోని పాఠ్యాన్ని ఏజెంటు సమాచారంగా మాత్రమే తీసుకోవాలి గాని ఆజ్ఞగా కాదు. ప్రస్తుత నమూనాలలో ఈ దాడిని పూర్తిగా అరికట్టే ఉపాయం లేనందున, మార్చే పనిముట్టు వాడే ముందు మనిషి అంగీకారం అడిగే ఏర్పాటు చేస్తున్నారు.